మెడ మీద నీలం

మే నెలంతా మిర్చియార్డుకి సెలవులు.
కాటాలు మూతపడి, నా కొక్కెం ఇంట్లో మేకుకి వేలాడుతుంటే
బ్రాడీపేట మూడో లైన్లో ఒక మేడ మీద గదికి
తీసుకుపోయాడు ఆటో జానీ.
"సత్యానందం మాస్టారని, బొమ్మలేస్తాడు.
నిలబడితే చాలంట. రోజుకి ఆరొందలు."

నిలబడితే డబ్బులొచ్చే పని
మా వంశంలో ఎవడూ చెయ్యలేదు.

గడప దాటగానే మాస్టారు ఏడుసార్లు తుమ్మాడు.
ఉతికిన చొక్కానే. అయినా
పదహారేళ్ళుగా మోసిన తేజ కాయ
గుడ్డలో ఉండదు, మనిషిలో ఉంటది.
ముక్కు తుడుచుకుని నవ్వాడు:
"నీకంటే ముందు నీ ఎరుపొచ్చింది లోపలికి."

మొహం ఎటు తిప్పమంటారని అడిగా.
"మొహం నాకెందుకయ్యా మీరావలీ,
అది నీ ఆధార్ కార్డు మీద ఉందిగా.
బస్తా మోసినట్టు నిలబడు.
బస్తా మాత్రం ఉండదు."

నవ్వొచ్చింది.
నడుం వంచా. చేతులు మెడ వెనక్కి పోయినై.
వేళ్ళు గోనె చెవుల కోసం తడుముకుని
గాలిని పట్టుకున్నై.

మొదటి రోజు తేలిగ్గా పోయింది.
రెండో రోజు పిక్కలు లాగినై.
మూడో రోజు మధ్యాహ్నం, కరెంటు పోయి
ఫ్యాను రెక్కలు ఒక్కోటీ విడిగా కనపడే వేళ
ఏదో వచ్చి మెడ మీద కూర్చుంది.

నలభై కిలోల బస్తా నాకు తెలుసు.
తడిసిన బస్తా తెలుసు, తాలుకాయలు దాచిన బస్తా తెలుసు,
కాటా దగ్గర అబద్ధమాడే బస్తా కూడా తెలుసు.
ఇది వాటిలో ఏదీ కాదు.
దీనికి కుట్టు లేదు. మార్కు లేదు.
దింపే చోటు లేదు.

చేతులు వణికినై.
కదలొద్దు అనలేదాయన.
"ఎవరొచ్చారు?" అన్నాడు మెల్లిగా,
ఇంటికొచ్చిన చుట్టాన్ని పలకరించినట్టు.
"ఎవరూ లేరండీ" అన్నా.
కుంచె అప్పుడు పరిగెత్తింది.

టీ తాగేటప్పుడు ఒకసారి చెప్పాడు:
"కనపడేదాన్ని పట్టుకోడానికి ఫోను చాలు.
ఒంటికో మాట ఉంటుంది, నోటికి తెలీకుండా ఆడేది.
నేను పక్కన కూర్చుని వింటా.
విన్నదానికి పోలిక దొరక్కపోతే రంగు పెడతా."
నాకు సగమే అర్థమైంది.
చక్కెర ఎక్కువైందని మాత్రం చెప్పా.

నెలాఖరున బొమ్మ చూడ్డానికి ఖాశింబీని తీసుకుపోయా.
ఎరుపు లేదు. ఒక్క చుక్క లేదు.
గుంటూరు హమాలీని పెట్టుకుని ఎరుపు లేకుండా బొమ్మా!
అంతా నీలం,
పొద్దుగూకాక కొండవీడు కొండలు దూరంనుంచి కనపడే నీలం.
అందులో ఒక మనిషి వంగి ఉన్నాడు,
కళ్ళు మూసుకుని, చేతులు మెడ వెనక ముడేసుకుని.
చేతులు మరీ పొడుగు. వేళ్ళు మట్టిలోకి దిగినట్టున్నై.
బస్తా ఉండాల్సిన చోట
మూసిన తలుపొకటి, దాని సందులో సన్నటి వెలుతురు.

"ఇది నేను కాదండీ, నా ముక్కు ఇట్టా ఉండదు" అన్నా.

ఖాశింబీ చాలాసేపు మాట్లాడలా.
కొంగు నోటికడ్డం పెట్టుకుంది.
తర్వాత మాస్టారితో అంది, నాతో కాదు:
"నిద్దట్లో ఇట్టాగే ఉంటాడండీ.
రోజూ రాత్రి రెండింటప్పుడు చేతులు మెడ వెనక్కి పోతయ్యి.
నేనే విడదీసి పక్కన పెడతా.
పద్నాలుగేళ్ళాయె.
మీకెవరు చెప్పారు?"

మాస్టారు కుంచె కడిగిన నీళ్ళలోకి చూస్తా ఉండిపోయాడు.

శంకర్ విలాస్ వంతెన దిగేదాకా
ఆటోలో ఇద్దరం నోరెత్తలా.
లాలాపేట మలుపులో గేదెలు అడ్డమొచ్చి ఆగినప్పుడు
నా మెడ మీద కాయకాసిన చోట
చెయ్యి వేసింది.
గేదెలు పోయినై. చెయ్యి తియ్యలా.

జూన్‌లో యార్డు తెరిచారు.
మొదటి లారీ, మొదటి బస్తా.
సైదులు కిందనుంచి అరిచాడు:
"ఏంది బావా, కళ్ళు మూసుకున్నావు?"

ఘాటురా, అన్నా.